ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలు

ఏ ఊరి నుంచి వచ్చినా, ఏ జబ్బుతో చేరినా, ఐసీయూ తలుపు బయట పేషెంటు తరఫువాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఇవే. డాక్టరు కౌన్సెలింగ్‌కు పిలిచిన పది నిమిషాల్లో, ఆ కంగారులో, చెప్పినదాంట్లో సగం కూడా బుర్రకెక్కదు. అందుకే తీరిగ్గా చదువుకునేలా రాసిపెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మీ పేషెంటు విషయంలో మాత్రం చూస్తున్న డాక్టరు మాటే ఖాయం. ఆ మాట అర్థం కావడానికే ఈ పేజీ.

## చేర్చేటప్పుడు

మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు కదా, ఐసీయూ ఎందుకు? వార్డులో ఉంచితే చాలదా?

మాట్లాడగలగడం మంచి గుర్తే, కానీ అదొక్కటే చాలదు. ఊపిరి నిమిషానికి ముప్పైసార్లు ఆడుతున్నా, బీపీ మందుతోనే నిలబడుతున్నా, మూత్రం రావడం తగ్గిపోయినా మనిషి కాసేపటి వరకు మాట్లాడుతూనే ఉంటాడు. వార్డులో ఒక నర్సు చాలామందిని చూసుకోవాలి. ఐసీయూలో ఒకరిద్దరినే చూస్తుంది, ప్రతి గంటా లెక్కలు రాస్తుంది. అసలు తేడా అదే.

అలాగని అడిగినవాళ్లందరినీ ఐసీయూలో పెట్టాలనీ లేదు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని బయటికి పంపాలి అన్నదానిపై కేంద్ర ఆరోగ్యశాఖ 2023 చివర్లో మార్గదర్శకాలు ఇచ్చింది. పేషెంటు గానీ, కుటుంబం గానీ వద్దంటే ఐసీయూలో చేర్చకూడదని అందులో ఉంది. కాబట్టి "ఏ అవయవానికి ఏ సపోర్టు కావాలని చేరుస్తున్నారు?" అని అడగండి. "అబ్జర్వేషన్‌కి" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే, ఏం కనిపెట్టి చూస్తున్నారో, ఎన్ని గంటలపాటో కూడా అడగండి.

పురుగుమందు తాగాడని చెబితే పోలీసు కేసవుతుంది. వాంతులని చెప్పి చేర్చేస్తే?

దయచేసి అలా చేయకండి. ఈ ఒక్క అబద్ధం వల్ల పోయే ప్రాణాలు మన పల్లెల్లో తక్కువేం కాదు.

ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందైతే అట్రోపిన్ అనే విరుగుడు మొదటి గంటల్లోనే పడాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు ఆరేదాకా నిమిషాల వ్యవధిలో మోతాదు పెంచుకుంటూ పోతారు. అదే గడ్డిమందు పారాక్వాట్ అయితే దారే వేరు. దానికి విరుగుడు లేదు, పైగా అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి. ఒక విషానికి ప్రాణం నిలిపే ఆక్సిజన్ ఇంకో విషానికి హాని చేస్తుందన్నమాట. అందుకే డబ్బా తెచ్చి చూపించండి, లేదంటే దాని మీది లేబుల్ ఫొటో తీసి తీసుకురండి. దారిలో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మందు ఒలికిన బట్టలు తీసేసి ఒళ్లు కడగండి.

ఇక పోలీసుల సంగతి. ఆస్పత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు) రాసి స్టేషనుకు కబురు పంపుతుంది, అది మామూలు పద్ధతి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఎంఎల్‌సీ కేసు అయినా సరే ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పదిమందిలో చెప్పలేకపోతే డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి, చాలు.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి. పురుగుమందు కేసుల్లో కొందరు మొదటిరోజు కోలుకున్నట్టే కనిపించి, రెండో రోజునో మూడో రోజునో మెడ నిలపలేక, ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ మీదికి వెళ్తారు. "నిన్న బాగానే ఉన్నాడు, ఆస్పత్రిలోనే పాడు చేశారు" అని గొడవలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆ విషం తీరే అంత. కండరాలు తేరుకునేదాకా యంత్రం సాయంతో నెట్టుకురాగలిగితే చాలామంది బయటపడతారు.

వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని రండి. పేర్లు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. పాత రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు లేదా ఇన్సూరెన్స్ కార్డు కావాలి. పసరు మందు, ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్లు, నాటుసారా, ఏదైనా సరే దాచొద్దు. రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. ముందే తెలిస్తే ఆపగలం.

హైదరాబాద్ తీసుకెళ్లిపోదాం అంటున్నారు బంధువులు. వెంటనే బయల్దేరాలా?

ముందు రెండు విషయాలు తేల్చుకోండి: ఇక్కడ లేని ఏ వైద్యం అక్కడ ఉంది? ప్రయాణాన్ని పేషెంటు తట్టుకుంటాడా? మొదటిదానికి జవాబు "పెద్ద ఆస్పత్రి కదా" అని మాత్రమే అయితే ఆగడమే మంచిది.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. బీ టైప్ ఆక్సిజన్ సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు పడుతుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున వాడితే రెండున్నర గంటల్లో ఖాళీ. దారి ఐదారు గంటలు. ఈ లెక్క బయల్దేరకముందే వేసుకోవాలి, కామారెడ్డి దగ్గర కాదు. అవతల బెడ్ ఉందని ఫోన్లో ఖాయం చేసుకోండి. డాక్టరుతో డాక్టరు మాట్లాడాలి, బంధువుతో మార్కెటింగ్ మనిషి కాదు. వెంటిలేటర్ ఉన్న అంబులెన్సు, దాన్ని నడపడం తెలిసిన మనిషి, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల సమ్మరీ ఉంటేనే కదలండి.

## లోపల జరుగుతున్నది

మానిటర్‌లో ఆక్సిజన్ 98 ఉంది, బీపీ బాగుంది. మరి సీరియస్ అంటారేంటి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మానిటర్ చూపించేది ఫలితాన్ని. ఆ ఫలితం కోసం వెనక ఎంత సపోర్టు నడుస్తోందో దాని మీద కనిపించదు.

మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆ గాలితోనే రక్తంలో ఆక్సిజన్ 98 వస్తే ఊపిరితిత్తులు బాగున్నట్టు. వెంటిలేటర్ 100 శాతం ఆక్సిజన్ తోస్తుంటే 98 వస్తోందంటే ప్రమాదం పక్కనే ఉన్నట్టు. నిన్న 80 శాతం మీద 94 ఉండి, ఇవాళ 45 శాతం మీద అదే 94 ఉందనుకోండి, మానిటర్‌లో అంకె మారకపోయినా మనిషి బాగా మెరుగయ్యాడు. బీపీ కూడా అంతే. మంచం పక్కన సిరంజి పంపులో బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ నడుస్తుంటే, ఆ బీపీ మందు నిలబెట్టిన బీపీ. సగటు బీపీ (పై అంకె, కింది అంకె నుంచి లెక్కగట్టేది) సాధారణంగా 65కు తగ్గకుండా చూస్తారు. నిన్న గంటకు ఎన్ని ఎంఎల్ పోయింది, ఇవాళ ఎన్ని ఎంఎల్ పోతోంది అన్నదే అసలు వార్త. మోతాదు అలాగే ఉంచి, కలిపే మందు చిక్కదనం మార్చినా ఎంఎల్ మారుతుంది, అది కూడా అడగండి.

అలారం మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడకండి. వేలి క్లిప్పు జారినా మోగుతుంది, పేషెంటు దగ్గినా మోగుతుంది.

వెంటిలేటర్ పెట్టారంటే ఇక తిరిగి రానట్టేనా?

కాదు. వెంటిలేటర్ జబ్బును నయం చేయదు, చంపదు కూడా. అసలు మందు పనిచేసేదాకా ఊపిరి ఆడిస్తుంది, అంతే. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు సరిపడా యంత్రాలు లేక, వైద్య విద్యార్థులే వంతులవారీగా రాత్రింబవళ్లు చేత్తో బ్యాగు నొక్కి ఊపిరి పోశారు. అంతకుముందు ఎక్కువమంది చనిపోయేవాళ్లు, ఆ తర్వాత ఎక్కువమంది బతికారు. ఐసీయూ అనే ఏర్పాటు పుట్టింది అక్కడే.

బతికే అవకాశం ఎందుకు పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పాముకాటుకు కండరాలు చచ్చుబడిన పాతికేళ్ల కుర్రాడికి, క్యాన్సర్ ఒళ్లంతా పాకిన ఎనభై ఏళ్ల పెద్దాయనకు ఒకటే యంత్రం, ఒకటే పైపు. ఫలితం మాత్రం ఒకటి కాదు. కుర్రాడు కొద్ది రోజుల్లో లేచి కూర్చోవచ్చు.

మత్తులో ఉంచారు, చేతులు కట్టేశారు. ఇంత కర్కశంగా ఉండాలా?

గొంతులో పైపు ఉంటే మెలకువలో ఎవరైనా లాగేయాలనే చూస్తారు. లాగేస్తే, మళ్లీ వేసేలోపే ప్రాణం పోవచ్చు. అందుకే మత్తు, అవసరమైతే మెత్తటి పట్టీ. కానీ మత్తు అవసరానికి మించి ఉంటే వెంటిలేటర్ రోజులు పెరుగుతాయి. చాలా ఐసీయూల్లో రోజూ కాసేపు మత్తు తగ్గించి, కళ్లు తెరుస్తున్నారా, చెప్పిన మాట వింటున్నారా అని చూస్తారు. ఆ సమయానికి మిమ్మల్ని లోపలికి పంపమని అడగండి. తెలిసిన గొంతు వినిపిస్తే పేషెంటు కుదుటపడతాడు, కట్లూ విప్పొచ్చు.

బోర్లా పడుకోబెట్టారు. ముఖమంతా వాచిపోయింది.

ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు చేసేదే ఇది. వెనకవైపు నొక్కుకుపోయిన భాగాలు తెరుచుకుని ఆక్సిజన్ బాగా అందుతుంది. విడతకు కనీసం 16 గంటలు ఉంచితే ప్రాణాలు నిలుస్తున్నాయని 2013లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. వాపు రెండు మూడు రోజుల్లో తీస్తుంది.

గొంతుకు రంధ్రం చేస్తామంటున్నారు. ఇక మాట రాదా?

ట్రాకియాస్టమీ అన్న మాట వినగానే ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. నిజానికి అది చాలాసార్లు ముందడుగే. నోటి పైపు వారం, రెండు వారాలు దాటాల్సి వస్తుందనుకుంటే దాని బదులు మెడ దగ్గర చిన్న గొట్టం వేస్తారు. మత్తు తగ్గించవచ్చు, నోరు శుభ్రంగా ఉంటుంది, కఫం తీయడం తేలిక, లేపి కూర్చోబెట్టొచ్చు. గొట్టం ఉన్నప్పుడు మామూలుగా గొంతు పలకదు, స్వరపేటికను మాత్రం ఎవరూ తీసేయడం లేదు. గొట్టం తీశాక రంధ్రం మామూలుగా తనంతట తానే పూడుకుంటుంది.

డయాలసిస్ మొదలుపెట్టారు. జీవితాంతం చేయించాల్సిందేనా?

అంతకుముందు కిడ్నీలు బాగుండి, ఇన్ఫెక్షన్ వల్లో బీపీ పడిపోవడం వల్లో దెబ్బతింటే, బతికి బయటపడినవాళ్లలో ఎక్కువమందికి డయాలసిస్ ఆగిపోతుంది. వారాలు పట్టవచ్చు, కొందరికి మూడు నెలలు కూడా. పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉంటే తెచ్చివ్వండి, అదే ఇక్కడ కీలకం.

డెంగీలో ప్లేట్‌లెట్లు 25 వేలకు పడిపోయాయి. ఎక్కించరేంటి?

రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10 వేలు దాటి ఉన్నంతవరకు ఎక్కించరు. ఎక్కించినా ఎక్కువసేపు నిలవవు. డెంగీలో ఎక్కువగా ప్రాణం తీసేది రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం. అది జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే మొదలవుతుంది. "జ్వరం పోయింది కదా" అని ఇల్లు చేరే రోజే ప్రమాదకరమైన రోజు కావచ్చు. ప్లేట్‌లెట్ల కోసం దాతల వేటలో పడేముందు హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) ఎలా ఉందో, మూత్రం ఎంత వస్తోందో అడగండి.

కొబ్బరినీళ్లు, జావ ఇంటి నుంచి తేవచ్చా?

నర్సును అడక్కుండా ఏదీ ఇవ్వొద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయని మనిషికి అది గుండె ఆపేయగలదు. ముక్కు గొట్టంలో పాలు, జావ పోస్తున్నారని చూసి "కడుపు మాడుస్తున్నారు" అనుకోకండి. కేలరీలూ ప్రొటీన్లూ లెక్కగట్టి ఇస్తారు.

నాన్న పొంతన లేకుండా మాట్లాడుతున్నారు, మమ్మల్నే కొట్టబోతున్నారు. గాలి సోకిందా?

దీన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, నిద్రలేమి, మత్తుమందులు, రాత్రీపగలూ ఒకేలా వెలిగే లైట్లు కలిసి మెదడును తికమకపెడతాయి. పెద్దవయసు వాళ్లలో మరీ ఎక్కువ. కొందరు అరవరు, ముడుచుకుని మౌనంగా ఉండిపోతారు. అదీ డెలీరియమే, ఎవరూ గమనించరు.

దీనికి మందు సగం మీ దగ్గరే ఉంది. కళ్లజోడు, వినికిడి యంత్రం తెచ్చి పెట్టించండి. ఇవాళ ఏ వారం, ఎక్కడున్నారు, ఇంట్లో ఎవరెలా ఉన్నారో చెప్పండి. వాదించొద్దు. విభూతి పెడతామంటే చాలాచోట్ల కాదనరు. తాయెత్తులో లోహం ఉంటే మాత్రం ఎంఆర్‌ఐకి ముందు తీయాల్సిందే.

## డాక్టరుతో మాటలు, డబ్బు సంగతి

"క్రిటికల్, చెప్పలేం" అంటారు తప్ప ఇంకేం చెప్పరు. ఛాన్స్ ఎంత శాతం?

శాతం అడిగితే డాక్టరు ఏదో ఒక అంకె చెప్పి తప్పించుకుంటాడు. అది మీకు పనికిరాదు. ఇలా అడిగి చూడండి: నిన్నటికంటే ఆక్సిజన్, బీపీ మందు తగ్గాయా, పెరిగాయా? కొత్తగా ఏ అవయవమైనా దెబ్బతిన్నదా? రేపటికి ఏం జరిగితే బాగున్నట్టు, ఏం జరిగితే బాగాలేనట్టు? ఈ మూడోదానికి వచ్చే జవాబే ఎక్కువ విలువైనది. ఎందుకంటే రేపు మీ అంతట మీరే పోల్చుకోగలుగుతారు.

ఇంటి తరఫున ఒక్కరే రోజూ మాట్లాడి, నోటుపుస్తకంలో రాసుకోవాలి. పెదనాన్న ఒకసారి, అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్లో ఒకసారి, మేనమామ ఒకసారి అడిగితే మూడు రకాలుగా వినిపించి, చివరికి మీలో మీకే గొడవవుతుంది. అన్నయ్యను వీడియో కాల్‌లో కౌన్సెలింగ్‌కే కలపమనండి.

మూడుసార్లు యాంటీబయాటిక్ మార్చారు. ప్రయోగాలు చేస్తున్నారా?

సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతింటూ, బీపీ పడిపోయినప్పుడు ఏ క్రిమో తెలిసేదాకా ఆగలేరు. గంటలోపే బలమైన మందు మొదలుపెట్టాలి. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వచ్చాక దానికి తగ్గట్టు మార్చడం సరైన పనే. బలమైన దాన్నుంచి చిన్నదానికి తగ్గిస్తే ఇంకా మంచిది. కల్చర్ పంపారా, ఏం వచ్చింది అని అడగండి. కల్చర్ ఊసే లేకుండా మందులు పెంచుకుంటూ పోతుంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

ఆరోగ్యశ్రీలో ఐసీయూ వస్తుందా?

నెట్‌వర్క్ ఆస్పత్రిలో, జాబితాలో ఉన్న జబ్బుకైతే వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. చేరిన రోజే ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. నగదు కట్టి చేరి, నాలుగు రోజుల తర్వాత కార్డు బయటికి తీస్తే చిక్కులు. బిల్లు రోజువారీగా ఇమ్మని అడగండి, చివరిరోజు ఒకేసారి చూస్తే గుండె ఆగుతుంది.

## కఠినమైన నిర్ణయాలు

చనిపోయినా వెంటిలేటర్ మీద ఉంచి బిల్లు వేస్తారంటారు, నిజమా?

గుండె ఆగిపోతే వెంటిలేటర్ ఛాతీని ఊపగలదే కానీ నాడిని కొట్టించలేదు. ఒళ్లు చల్లబడుతుంది, గంటల్లో బిగుసుకుంటుంది. దాన్ని రోజుల తరబడి దాచడం కుదరదు. లోపలికి వెళ్లి చేయి పట్టుకుని చూడండి, ఈసీజీ తీసి చూపించమనండి. ఎవరూ తప్పుపట్టకూడదు.

ఈ అనుమానం వెనక ఇంకో నిజమైన బాధ ఉంది. కోలుకునే ఆశ లేదని డాక్టర్లకు తెలిసీ, ఆ మాట కుటుంబానికి సూటిగా చెప్పకుండా రోజులు పొడిగించడం. అది జరుగుతుంది. "మీ నాన్నగారే ఈ మంచం మీద ఉంటే ఏం చేస్తారు?" అని అడిగితే చాలాసార్లు నిజం బయటికొస్తుంది.

బ్రెయిన్‌డెడ్ అన్నారు, కానీ గుండె కొట్టుకుంటోంది!

గుండెకు సొంతంగా కొట్టుకునే శక్తి ఉంది. ఊపిరి ఆడించే మెదడు కాండం చచ్చిపోయినా, యంత్రం ఆక్సిజన్ ఇస్తున్నంతసేపు కొంతకాలం కొట్టుకుంటుంది. కోమా వేరు, ఇది వేరు. దీన్నుంచి ఎవరూ తిరిగిరారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. అవయవదానం కుటుంబం ఇష్టం. ఒప్పుకుంటే రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ ద్వారా జరుగుతుంది. అవయవాలు తీసేందుకు అయ్యే ఖర్చు మీమీద వేయకూడదు.

ఇక బాధపెట్టొద్దనుకుంటున్నాం. సపోర్టు తీసేయమనడం నేరమా?

నేరం కాదు. దానికో పద్ధతి ఉంది. సుప్రీంకోర్టు 2018లో కామన్ కాజ్ తీర్పుతో దారి తెరిచింది, 2023 జనవరిలో నిబంధనలు సులువు చేసింది. ముగ్గురు డాక్టర్ల ప్రైమరీ బోర్డు, ఆపై మరో ముగ్గురి సెకండరీ బోర్డు చూసి, ఆశ లేదని తేల్చి, కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకుంటే సపోర్టు ఆపవచ్చు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. మేజిస్ట్రేటుకు ఆస్పత్రే తెలియజేస్తుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది వేరు. "ఇంటి గడప మీదే పోవాలి" అని సంతకం పెట్టి పైపుతో అంబులెన్సులో తీసుకెళ్లిపోతారు. ఆ కోరికను తక్కువ చేయలేం. కానీ నొప్పికి, ఆయాసానికి మందు లేకుండా తీసుకెళ్లొద్దు. మార్ఫిన్ గానీ, ఇంటికొచ్చి చూసే పాలియేటివ్ (బాధ తగ్గించే వైద్యం) బృందం గానీ ఏర్పాటు చేయమని బయల్దేరేముందే అడగండి.

బిల్లు బాకీ ఉందని శవాన్ని ఇవ్వట్లేదు.

ఆపడానికి వీల్లేదు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగి హక్కుల పత్రంలో ఈ మాట స్పష్టంగా ఉంది. ఎంఎల్‌సీ కేసైతే మాత్రం పోస్టుమార్టం అయ్యాకే ఇస్తారు, అది వేరే విషయం.

## బయటికి వచ్చాక

ఇంటికొచ్చి నెలైంది, ఇంకా మెట్లెక్కలేకపోతున్నారు. జబ్బు తిరగబెట్టిందా?

చాలావరకు కాదు. మంచాన పడ్డ రోజుల్లో కండ వేగంగా కరిగిపోతుంది, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. రోజూ కాస్త నడక, గుడ్డు, పప్పు, ఫిజియోథెరపీ. కొత్తగా జ్వరం, ఆయాసం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి రండి.

రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు, చిన్న విషయాలు మరిచిపోతున్నారు.

ఐసీయూ నుంచి వచ్చినవాళ్లలో ఇది మామూలే. లోపల జరిగింది సగం కలగా, సగం నిజంగా గుర్తుంటుంది. "నన్ను కట్టేసి బావిలో దించారు" అని చెప్పినా నవ్వొద్దు. ఏ రోజు ఏం జరిగిందో మీ నోటుపుస్తకం చూసి చెబితే ఆ ముక్కలు ఒక వరసలోకి వస్తాయి. నెలలు గడిచినా తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి. రోజుల తరబడి బయట కుర్చీలో నిద్రలేకుండా గడిపిన మీకూ ఇదే రావచ్చు.

కేస్ షీట్ కాపీ అడిగితే ఇవ్వనంటున్నారు.

రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీతో పాటు కల్చర్ రిపోర్టులు, స్కానింగ్ సీడీలు కూడా అడిగి తీసుకోండి. మళ్లీ ఎప్పుడైనా ఎమర్జెన్సీలో చేరాల్సి వస్తే కొత్త డాక్టరు మొదట అడిగేవి అవే.